మిగిలిన చింతపిక్క

ఆ రాత్రి బెల్లం గొడౌనులో కాపలా ఎవరు పడుకోవాలో తేల్చుకోడానికి ముగ్గురూ పేకాటకు కూర్చున్నారు. వ్యాపారి త్రినాధరావు, అతని భాగస్తుడు నూకరాజు, ఫోనులో పోకర్ నేర్చిన బావమరిది శ్యామ్. పందెం చింతపిక్కలు. చివరికి ఎవరి దగ్గర తక్కువుంటే వాడిదే కాపలా.

శ్యామ్ పంచిన ఆటలో మిగతా ఇద్దరికీ సరిసమానమైన ముక్కలు పడ్డాయి. పందెంలో ముప్పై ఒక్క పిక్కలు. చెరో పదిహేను పోగా ఒకటి మిగిలింది.

"పంచినోడికి ఎడం పక్కనున్నోడిది బావా, అదే రూలు," అన్నాడు శ్యామ్.

అతని ఎడమ పక్కన ఖాళీ స్టూలు, దాని అవతల నూకరాజు. నూకరాజుకి పోయేకన్నా గాలికి పోవడమే నయమనిపించింది త్రినాధరావుకి.

"రూలంటే రూలే. స్టూలుకే ఇచ్చేత్తన్నాను," అని పిక్కను దాని మీద పెట్టేశాడు. నూకరాజు మొహం మాడ్చుకున్నాడు.

కొత్త ఆటకి ముగ్గురూ తలో పిక్క మధ్యలో వేశారు. గొడౌనులో ఎలక కూడా కదలడం లేదు.

"నాలుగున్నాయేటి?" అన్నాడు నూకరాజు.

స్టూలు మీద పిక్క లేదు.

త్రినాధరావు తన పిక్కల్ని దగ్గరికి లాక్కున్నాడు. "సరేగానీ... ఇప్పుడు పంచాల్సింది ఎవుడు?"

శ్యామ్ స్టూలు నుంచి కాస్త దూరం జరిగాడు. "పంచినోడికి ఎడం పక్కనున్నోడే బావా."

మధ్యలో ఉండాల్సిన పేకదస్తా కనబడలేదు. స్టూలు మీంచి ముక్కలు కలుపుతున్న చప్పుడు తీరుబడిగా వినిపించింది.

రూలు ప్రకారమే, మొదటి ముక్క నూకరాజు ముందు పడింది.