కిటికీ కింది పాక

గేటు గొళ్లెం చప్పుడుకు మృదుల గుండె ఝల్లుమంది.

తెలంగాణ బంద్ రోజున ఎవరొస్తారు? కిటికీ తెర కాస్త తొలగించి చూసింది.

ఎవరో ముసలాయన. నెత్తిన వరిగడ్డి మోపు. మెడలో గులాబీ కండువా.

ఆ కండువా చూశాక అసలు తలుపే తీయకూడదనుకుంది.

"లచ్చమ్మ పంపింది తల్లీ. గడ్డి అడిగిండ్రంట గద."

అడిగిన మాట నిజమే. పాలు పోసే లచ్చమ్మను పొద్దున తనే అడిగింది. రెండు వేల తొమ్మిది డిసెంబరు ఇరవై నాలుగు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక్క షాపు షట్టరు లేవలేదు. రంగు కాగితాలు లేవు, కేకు లేదు, బస్సుల్లేవు. క్యారల్స్ వాళ్లు కూడా ఈ యేడు రాలేమని కబురు పెట్టారు. భర్త ప్రసన్నకుమార్ సొంతూరు గుంటూరులో చిక్కుకుపోయాడు. అతను వెళ్లింది చుట్టపుచూపుగా కాదు, అక్కడి కాలేజీలో ఉద్యోగం చూసుకోవడానికి.

"పండగ కాగానే ఇల్లు అమ్మేద్దాం మృదులా. రోజూ ఈ భయమెందుకు?" అన్నాడు నిన్న ఫోన్లో.

పదకొండేళ్లుగా ఉంటున్న ఇల్లు. తమదే అనుకుంది ఇన్నాళ్లూ. ఈ నెల రోజులుగా 'మీది ఏ ఊరు' అని ఎవరడిగినా, అద్దె కట్టనిదానిలా తడబడుతోంది. ప్రాణం విసిగిపోయింది. అయినా ఈ ఇంట్లో ఆఖరి క్రిస్మస్ కదా, పశువుల పాక ఒక్కటైనా లేకపోతే ఎలా?

తలుపు తీసింది.

"అక్కడ పెట్టేసి వెళ్లండి పెద్దాయనా."

"గడ్డి ఎందుకు తల్లీ? బర్రె ఉన్నదా?"

"బర్రె కాదు. యేసయ్య పుట్టిన పాక కట్టాలి. హాల్లో."

"కొట్టమా?" ముసలాయన ముఖం విప్పారింది. "కొట్టం నేను కడ్త. నీకు రాదు గది."

రాని మాటా నిజమే. పోయిన యేడు అట్టపెట్టెతో తను కట్టినది సరిగ్గా ప్రార్థన మధ్యలో కూలి గొర్రెల కాపరుల మీద పడింది.

వద్దనేలోపే ఆయన చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.

"టీవీ పక్కన కట్టండి."

"గాడ గాదు. గీ కిటికి కింద కడ్త."

"అక్కడ సోఫా ఉందిగా."

"జరుపుదాం తీ."

తనే జరిపాడు. ఎవరింట్లో ఎవరు సర్దుతున్నారో మృదులకు అర్థం కాలేదు. వాదించే ఓపిక లేక ఊరుకుంది.

ఆయన పాత గోనెసంచి పరిచాడు. పెరట్లోని గోరింట కొమ్మలు విరిచి, మట్టి ముద్దల్లో గుంజలుగా నిలిపాడు. గడ్డిని పాయలుగా తీసి కప్పు వేశాడు. గడ్డిలో మిగిలిన నాలుగు కంకులు ఏరి, కుచ్చు అల్లి గుమ్మానికి వేలాడదీశాడు. మెరిసే కాగితం ముక్క ఒక్కటి లేదు. అయినా ఆ హాలు అంత అందంగా ఎప్పుడూ లేదనిపించింది మృదులకు.

బొమ్మల పెట్టె తెచ్చి ఇచ్చింది.

"ఎద్దు ఒక్కటే ఉన్నదేంది?"

"సెట్లో ఒక్కటే ఇచ్చారు."

"గిట్లెట్ల? జత ఉండాలె."

మిగిలిన మట్టితో ఇంకో ఎద్దును చేశాడు. చేసి, దాని కొమ్ము ఒకటి కిందికి వంచాడు.

"అదేంటి, అలా వంచారు?"

"దానిది గంతే."

తర్వాత అరచెయ్యి నేలకు ఆనించి, గది నలువైపులా చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. ఎక్కడేముందో చూసిపెట్టుకుంటున్నాడేమోనని మృదులకు అనుమానం వచ్చింది. బీరువా తాళంచెవులు తీసి కొంగున ముడేసుకుంది.

"జరసేపు ఈడ్నే ఉంట తల్లీ."

"వద్దండీ. మా ఆయన వచ్చే వేళైంది," అని అబద్ధమాడింది. "ఇక బయల్దేరండి."

డబ్బిస్తే ఆయన పుచ్చుకోలేదు. చాయ్ అడగలేదు, ఆమె ఇవ్వనూ లేదు.

మృదుల గడియ పెట్టి కిటికీలోంచి చూసింది. ఆయన పోలేదు. గేటు బయట అరుగు మీద కూర్చున్నాడు. ఎవరి కోసమో కాచుకుని ఉన్నాడనుకుంది.

మధ్యాహ్నం వీధి మొదట్లో నినాదాలు వినిపించాయి. వస్తూ వస్తూ తమ గేటు దగ్గరే ఆగిపోయాయి. ఏవో మాటలు. మృదుల పాక పక్కనే మోకరించి కళ్లు మూసుకుంది. కాసేపటికి నినాదాలు ముందుకు సాగిపోయాయి. ఒక్క రాయి కూడా పడలేదు.

సాయంత్రం తలుపు తీస్తే అరుగు ఖాళీగా ఉంది.

పండగనాడు పొద్దున్నే లచ్చమ్మ పాలు తెచ్చింది.

"మనిషిని పంపేముందు ఎవరో ఏంటో చూసుకోవద్దా లచ్చమ్మా? గేటు దగ్గర్నుంచి కదలడే. హడలి చచ్చాను."

లచ్చమ్మ పాల క్యాన్ కింద పెట్టింది.

"దశరథ తాత ఆడ కూసోకపోతే ఏమవునో. గీ ఇల్లు ఎవలిదని పోరగాండ్లు అడిగిండ్రంట. నాదే, పోండ్రి అన్నడంట."

తాళంచెవులు ఇంకా కొంగునే ఉన్నాయి. సిగ్గుతో మృదుల తల వాలిపోయింది.

"నా కోసం అబద్ధమాడాడా పాపం. ఎక్కడుంటాడు? ఈ పూట భోజనానికి పిలుస్తాను."

"ఇంకెక్కడి తాత? చీకటితోనే పాల వ్యానెక్కి బిడ్డ దగ్గరికి నకిరేకల్ పాయె. ఇగ రాడు. పోయేముందు ఒక్కపారి చూసొస్తనని, నా చేతిల గడ్డిమోపు గుంజుకొని ఒచ్చిండు."

"ఏం చూడ్డానికి?"

లచ్చమ్మ గుమ్మంలోంచే పాకను, అందులోని వంగిన కొమ్ము ఎద్దును చూసింది.

"అబద్ధం గాదమ్మా, ప్లాట్లు గాకముందు ఇదంత తాత పొలమే, గా కిటికి కిందనే ఆయన ఎడ్ల కొట్టముండె."