మాట విన్న ఏడాది

ఆర్మూర్ మార్కెట్ నుంచి నరహరి హుషారుగా వచ్చాడు. పసుపు ధర ఎట్టకేలకు పెరిగింది. చెప్పులైనా విడవకుండా, విత్తనానికి దాచిన పచ్చి కొమ్ముల కుప్ప చూద్దామని కొట్టంలోకి వెళ్లాడు. కుప్ప లేదు.

“ఇత్తనం ఏదే?”

భార్య గంగమణి కల్లంలో పసుపు ఆరబోస్తోంది. “గీండ్లనే కలిసింది. ఉడకవెట్టిన.”

ఉడికిన కొమ్ము అమ్మకానికే, మొలవదు. తాత నాటి నుంచి ఏటేటా దాచుకుంటూ వచ్చిన విత్తనం అది. నరహరి నెత్తి పట్టుకుని కూలబడ్డాడు.

“పిచ్చి లేసిందా నీకు?”

“పోయిన వారం ధర రాలేదని నువ్వే గదా ఒట్టు వెట్టుకున్నవ్? ఇగ పసుపే ఎయ్యనని, ఇత్తనం గూడ ఉడకవెట్టుమంటివి.”

“గది కోపంల అన్న మాట! ఏటా అంటనే ఉంట. ఎన్నడన్న ఇన్నవా?”

“ఇనలే. మీ తాత గిట్లనే ఒట్టు వెట్టుకుంటే మీ బాపమ్మ ఇనలేదట. మీ బాపు గూడ గట్లనే అంటే నిన్ను గన్న అవ్వ ఇనలే. ఇనకుండ కొట్టంల దాసిపెట్టి, ఎల్లకాలం మీతోని తిట్లు వడ్డం.”

ఆమె మరో గంప కుమ్మరించింది.

“మొగని మాట ఇననిదాన్నని ఊరంత చెప్పుకుంటివి గదా. ఇగో, ఇన్న.”