లావు పుస్తకం

“గీ బొమ్మలది వద్దు సార్. పై అరల ఉన్న గా లావుది ఇయ్యుండ్రి.”

రోబో కథల పుస్తకాన్ని గంగమణి బల్ల మీద వెనక్కి నెట్టింది. బోధన్‌లో ఆమె వాడకట్టు ఆడవాళ్లు బీడీలు చుడుతుంటే ఆమె చదివి వినిపిస్తుంది. ఆమె వంతు బీడీలు వాళ్లే చుడతారు.

లైబ్రేరియన్ అఖిలేష్ నవ్వాడు. “సైన్సు కథలు మీకు కొత్త గదక్కా. ముందుగాల సులువుది చదువుండ్రి. గా లావుదాంట్ల ఒకాయన నక్షత్రాల దిక్కు పోతడు. ఆయనకు రెండేండ్లే గడుస్తయి, ఇక్కడ భూమ్మీద ముప్పై ఏండ్లు గడుస్తయి. బీడీలు చేసెటోళ్లకు గది సమజ్ కాదు.”

“మా ఆయన మస్కట్ పోయి తొమ్మిదేండ్లకు వచ్చిండు సార్. గప్పుడు మా ఇండ్లల్ల ఫోన్లు లెవ్వు. బిడ్డకని గౌను తెచ్చిండు, నాలుగేండ్ల పిల్లకు పట్టేది. తలుపు తీసిన పదమూడేండ్ల పిల్లను సూసి, ‘నువ్వు ఎవరి బిడ్డవమ్మా’ అన్నడు. మా వాడకట్టుల ఇంటికొక గసుంటి గౌను ఉన్నది. మాకెందుకు సమజ్ కాదు?”

అఖిలేష్ లావు పుస్తకం దించి ఆమె చేతికిచ్చాడు. గంగమణి తెరిచింది. అరవయ్యో పేజీలో పాత బస్సు టికెట్ ఒకటి ఉంది.

“గిది ఎవలది సార్?”

“నాదే అక్కా,” అన్నాడతను మెల్లగా. “సమజ్ కాక ఆడనే ఇడిచిపెట్టిన.”

గంగమణి టికెట్ తీసి అతని ముందు పెట్టింది.

“అయితే రేపు మా వాకిట్లకు రాండ్రి సార్. సదివి వినిపిస్త.”