లూపే చెప్పిన 'వద్దు'

ఇందుమూలంగా టోంగా ప్రజలందరికీ తెలియజేయునది: నిన్న ఆగిపోయిన పెళ్లికి కాల్చిన పందిపిల్ల కరకరలాడే చర్మం మొత్తం పెళ్లికూతురు లూపేకి మేనత్తనైన నాకే చెందును.

రెండేళ్ల కిందట, ఒళ్లు ఎవరిదో, ఇష్టం ఎవరిదో బళ్లో పాఠం చెప్పిన రోజు అన్నదీ అదే తరగతి కాబట్టి మా లూపే బయట కూర్చుంది. మాలో అన్న ఉన్న గదిలో చెల్లెలు అలాంటి మాటలు వినకూడదు.

నిన్న పొద్దున జడేస్తూ అడిగాను. "ఒసే, ఆ పిల్లాడు నీకిష్టమా, మీ నాన్నకా?"

"నాకొద్దత్తా," అంది.

వెంటనే మా తమ్ముడి మీదికెళ్లాను. "నీ కూతురు వద్దంది. పెళ్లాపరా సన్నాసీ." మేనత్త మాటకు మాలో తిరుగులేదు. ఆపేశాడు.

ఆ 'వద్దు' మాత్రం నేను కల్పించిందే. అప్పుడు జడేస్తుంటే పిల్ల తల వెనక్కి తిప్పి, నిజంగానే తెలియక అడిగింది.

"ఇష్టమా? అది నన్నడుగుతారా అత్తా?"