చప్పుడు దాటని గోడ

"ఇంకా గట్టిగ ఒర్రు తమ్మీ!"

నర్సవ్వ మళ్ళీ తలుపు మూసింది. గది మధ్యలో నిలబడి కరుణాకర్ నాలుగోసారి గొంతు చించుకొని అరిచాడు. బయట ఆమె తలుపుకు చెవి ఆనించి విన్నది.

తలుపు తెరిచేసరికి ఆమె మొఖం చిన్నబోయి ఉంది.

"సన్నగ వినబడ్తుంది. కింది నుంచి."

"అక్కా, మనం ఆపాల్సింది పక్క షెడ్డుల బట్ట నేసే సాంచాల చప్పుడు. అవి నడిచేటప్పుడు నువ్వు లోపల నిలబడి చూడాలె. బంద్ ఉన్నప్పుడు నేను ఒర్రుతె ఏం తెలుస్తది?"

"ఇటుది అటు పోకుంటె, అటుది ఇటు రాదు గద."

అదీ నిజమే అనిపించింది. వంగి చూస్తే తలుపు కింద వేలు పట్టేంత సందు.

"గీడ రబ్బరు బిగియ్యాలె. జగిత్యాల నుంచి తేవాలె. వారంల అస్త. గడియ గూడ అప్పుడే పెడ్త."

"వారమా?" నర్సవ్వ గోడ పట్టుకుంది.

"అప్పటిదాంక బొంత అడ్డం పెట్టుకో అక్కా."

కరుణాకర్‌ది కోరుట్ల. ఫంక్షన్ హాళ్ళకు, పాటలు రికార్డు చేసే గదులకు చప్పుడు ఆపే గోడలు కడతాడు. సిరిసిల్లలో ఒక బీడీలు చేసే ఆమె తన రెండు గదుల ఇంట్లో ఒక గదికి ఈ పని చేయించుకోవడం అతనికి వింతగానే తోచింది.

"షెడ్డుల ఒక్క పూటనే నడుస్తున్నయి గద అక్కా, ఆర్డర్లు లేక. గింత ఖర్సు ఎందుకు?" అని మొదటిరోజే అడిగాడు.

"నా బిడ్డ నవనీత డాక్టర్ సీటు పరీక్ష రాస్తుంది. పోయినేడు జరంతల పోయింది. వచ్చే నెలల మళ్ళ పరీక్ష. దాని చెవుల ఏ చప్పుడు పడొద్దు తమ్మీ."

ఇంకేం అడగలేదు. తనను అలా చదివించినవాళ్ళు లేరు. లాభం చూసుకోకుండా పనిలో దిగాడు. గోడలకు కర్ర చట్రాలు కొట్టి, మధ్యలో దూది లాంటి మందపు షీట్లు కుక్కి, పైన బోర్డులు బిగించాడు. కిటికీ మూసేయాలంటే నర్సవ్వ వెంటనే ఒప్పుకుంది.

చివరి బోర్డు ఎత్తబోతుంటే ఆమె ఒక పెద్ద ఆసుపత్రి కవరు తెచ్చింది.

"గిది లోపల పెట్టి మూసెయ్."

"ఏంది అక్కా?"

"మా ఆయినె కాయిదాలు. సాంచాలు నడిపి నడిపి ఊపిరి ఆడక పోయిండు. ఐదేండ్లాయె. గివి కండ్లవడితె బిడ్డ పుస్తకం వట్టది."

కవరు కొత్తగా ఉంది. కరుణాకర్ దాన్ని షీట్ల వెనక్కి తోసి బోర్డు బిగించాడు.

ఆ పూటే ఆమె మాట్లాడుతూ మాట్లాడుతూ గడపలో కూలబడిపోయింది. కొంగు నోట్లో కుక్కుకొని, కడుపు పట్టుకొని, కాసేపు అలాగే ఉండిపోయింది.

"ఏమైంది అక్కా?"

"గ్యాసు. పొద్దున తినలే." లేచి నీళ్ళు తాగింది. "గోడ ఎన్నేండ్లుంటది తమ్మీ?"

"పదేండ్లకు ఢోకా లేదు."

"పరీక్షల దాంక ఉంటె సాలు."

ఆమె నవ్వలేదు. కరుణాకరే నవ్వాడు.

వారం తర్వాత రబ్బరు తీసుకొని వచ్చేసరికి పొద్దున పదకొండు. షెడ్డులో సాంచాలన్నీ నడుస్తున్నాయి. వాకిట్లో నిలబడి పిలిస్తే ఎవరికీ వినబడలేదు. లోపలికి తొంగిచూశాడు. ముందుగదిలో, తెరిచిన కిటికీ పక్కనే కూర్చుని నవనీత లెక్కలేవో వేసుకుంటోంది. షెడ్డు దుమ్ము పుస్తకం మీద పడుతోంది.

అతనికి ప్రాణం ఉసూరుమంది.

"గింత చప్పుడుల సదువుతున్నవేంది? గా రూం ఎందుకు చేసినట్టు?" దగ్గరికి వెళ్ళి గట్టిగా అడిగాడు.

"నాకెందుకన్నా? పుట్టినకాన్నుంచి సాంచాల పక్కనే సదువుతున్న. గవి ఆగితేనే నాకు సదువు తలకెక్కదు. రూం అమ్మ కోసం గద."

"అక్క కోసమా?"

"సాంచాల చప్పుడుకు తలనొస్తుందట. రోజు రెండు మూడుసార్లు పొయ్యి పండుకుంటది. ఇప్పుడు గూడ లోపలనే ఉంది. నన్ను లేపొద్దంటది. తెల్వని మనిషోలె అయ్యిందన్నా, తిండి గూడ సక్కగ తింటలేదు." నవనీత పుస్తకం మూసింది. "పరీక్ష అయినంక కరీంనగర్ తీస్కపోయి సూపిస్త."

కరుణాకర్ మూసి ఉన్న తలుపు వైపు చూశాడు. కింది సందులో బొంత లోపలి నుంచి గట్టిగా కుక్కి ఉంది. గోడలో పెట్టి మూసిన కొత్త కవరు గుర్తొచ్చింది.

"నేను మల్లస్త. పండుకోనీ," అన్నాడు. రబ్బరు చుట్ట చంకలో పెట్టుకొని వెనక్కి తిరిగాడు.

"అయ్యో, కోరుట్ల నుంచి అచ్చి ఉత్తగ పోతవా? ఆగు, నేను లేపుత."

అంతలో కరెంటు పోయింది. షెడ్డులో సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఎదురింట్లో గిన్నె కింద పెట్టిన చప్పుడు కూడా తెలిసింది. గది వైపు నుంచి మాత్రం ఏ అలికిడీ లేదు.

"సూసినవా అన్నా, ఎంత మంచిగ నిద్రవోతుందో," అంటూ నవనీత తలుపు మీద చెయ్యి వేసింది.

"వద్దు బిడ్డా!" అన్నాడు కరుణాకర్.

ఆమె అప్పటికే తలుపు తోసింది.

కడుపు పట్టుకొని నర్సవ్వ పెడుతున్న అరుపు వాడంతా వినబడింది.