బేరానికి అడ్డొచ్చినాయన

పాత బళ్ళ యార్డులో ఆ బుల్లి ట్రాక్టరు చుట్టూ తమ్ముడు మూడోసారి తిరుగుతుంటే, అటువైపు నుంచి ఇంకో మనిషి కూడా తిరుగుతున్నాడు.

అరవై దాటినాయన. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు గానీ, అవి పని చేసిన చేతులని చూడగానే తెలుస్తోంది. బానెట్టు మీది దుమ్ము అరచేత్తో తుడిచాడు.

తమ్ముడి గుండెల్లో రాయి పడింది. పోటీకి ఇంకొకడు తయారయ్యాడన్నమాట!

అక్కా తమ్ముడూ కలిసి చేసుకుంటున్న పండ్లతోట వాళ్ళది. చెట్ల మధ్య గడ్డి నడుమెత్తు పెరిగింది. ఆ సందుల్లో దూరేది ఇలాంటి చిన్న బండే. ఇది చేజారితే మళ్ళీ ఎప్పటికి దొరుకుతుందో దేవుడికే తెలియాలి.

"వెనక గడ్డి కోసే మిషను తగిలిస్తావా బాబూ?" అని అడిగాడు పెద్దాయన.

"తగిలిస్తాను. ఏం?"

"అయితే ముందు ఓవర్ రన్నింగ్ క్లచ్ ఒకటి వేయించు. అది లేకపోతే నువ్వు ఆపినా ఈ బండి ఆగదు. తిరిగే బ్లేడు దీన్ని ముందుకు తోసేస్తుంది."

యార్డు వ్యాపారి గట్టిగా దగ్గాడు. పెద్దాయన ఇక నోరు మెదపలేదు. ఆయన్ని పట్టించుకోవద్దనీ, పనీపాటా లేక ఊరికే తిరుగుతుంటాడనీ వ్యాపారి చెప్పాడు.

తమ్ముడికి విషయం అర్థమైపోయింది. అంటే, అర్థమైపోయిందనుకున్నాడు. లేనిపోని లోపం చెప్పి తనను బెదరగొట్టి, తను తప్పుకోగానే బండి కొట్టేద్దామని ముసలాయన ఎత్తు. ఇలాంటివాళ్ళను తను ఎంతమందిని చూడలేదు! ఎక్కడ చూశావని అడిగితే మాత్రం చెప్పలేడు. బేరమైనా ఆడకుండా అక్కడికక్కడే బండి ఖాయం చేసేశాడు.

ఇంటికొచ్చి ఇదంతా అక్కకు గొప్పగా చెప్పాడు. పోనీ ఆ క్లచ్చేదో వేయించరాదా అంది అక్క. ముందు గడ్డి సంగతి చూద్దాం, తర్వాత చూసుకోవచ్చులెమ్మన్నాడు తమ్ముడు.

ఆ వారంలోనే ఓ పొద్దున్న పెద్దాయన తోట గేటు ముందు ప్రత్యక్షమయ్యాడు. చేతిలో బరువైన సంచీ. క్లచ్ తెచ్చానన్నాడు. ఎంతోసేపు పట్టదనీ, తనే తొడిగిపెడతాననీ అన్నాడు.

తమ్ముడికి ఒళ్ళు మండింది. బేరం చెడగొట్టడం కుదరలేదు కాబట్టి ఇప్పుడు సామాను అంటగట్టడానికి వచ్చాడు.

"అది కాదు బాబూ, ఆ బండి..." అని ఆయన ఏదో చెప్పబోయాడు. చెప్పనిస్తేగా!

"మాకేం అక్కర్లేదు. మా బండి సంగతి మేం చూసుకుంటాం. మీరు వెళ్ళండి" అన్నాడు తమ్ముడు, గొళ్ళెం మీద చెయ్యైనా వేయకుండా.

పెద్దాయన సంచీని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. తర్వాత వెళ్ళిపోయాడు.

అక్క అంతా చూస్తూనే ఉంది.

"గేటు దాకా వచ్చిన మనిషి మాట వింటే నీ సొమ్మేం పోయేదిరా?"

"నీకు తెలీదులే అక్కా. మనుషుల్ని చూడగానే పట్టేస్తాను నేను."

"ఆ, పట్టేస్తావు" అంటూ అక్క చేతులకు గుడ్డ చుట్టుకుని చెట్లలోకి నడిచింది.

ఆ మధ్యాహ్నమే పని మొదలుపెట్టారు. రాలిన కొమ్మలు ఏరి పారేస్తూ అక్క ముందు నడుస్తోంది. గడ్డి కోసుకుంటూ తమ్ముడు వెనక వస్తున్నాడు. ఒకచోట కొమ్మ గడ్డిలో చిక్కుకుని ఊడిరాలేదు. అక్క వంగి లాగుతోంది.

బండి ఆపడానికి తమ్ముడు కాలి కిందున్న మామూలు క్లచ్ తొక్కాడు.

బండి ఆగలేదు. ఎవరో వెనకనుంచి నెట్టినట్టు ముందుకే పోయింది. బ్రేకు మీద నిలబడితే ఆగింది గానీ, అప్పటికే చక్రం అక్క పాదం మీదికి ఎక్కేసింది.

నడుస్తుంది గానీ మునుపటిలా నడవలేదన్నాడు డాక్టరు. అక్క తమ్ముణ్ణి పల్లెత్తు మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేదని తమ్ముడికి ఏడుపొచ్చింది.

అక్కను ఇంటికి తీసుకొచ్చిన మర్నాడు ట్రాక్టరు విడిభాగాల దుకాణానికి వెళ్ళాడు. దుకాణదారు ఓపికగా అన్నీ అడిగాడు. బండి వెనక షాఫ్టుకు పళ్ళు ఎన్ని, క్లచ్ పిన్నుతో పట్టేది కావాలా బోల్టుతో బిగించేది కావాలా అని. సైకిలు తొక్కడం మానేసినా చక్రం తిరుగుతుంది చూడండి, ఇదీ అంతేనన్నాడు. బ్లేడు దాని మానాన అది తిరిగి ఆగుతుంది, బండిని తొయ్యదు. క్లచ్ వేశాక ఎంత పొడవు పెరిగితే మిషనును బండికి కలిపే కడ్డీని అంత కోయించాలని, లేకపోతే బేరింగులు పోతాయని మరీమరీ చెప్పాడు.

తర్వాత లోపలికి వెళ్ళి ఒక పెట్టె తెచ్చాడు. "మీ బండికి సరిపోయేది ఇదొక్కటే ఉంది. కొత్తదే. ఒకాయన కొనుక్కెళ్ళి తిరిగిచ్చేశాడు."

"ఏం, బాగాలేదా?"

"దీనికేం, నిక్షేపంలా ఉంది. ఆయన తన ట్రాక్టరు యార్డులో పెట్టి అమ్ముకున్నాడు. అమ్మేవాడు కొనేవాడితో మాట్లాడకూడదని అక్కడ రూలు. మనసొప్పక, వచ్చిన డబ్బులోంచే ఇది కొని, ఊరికే తొడిగొద్దామని వాళ్ళ తోట దాకా మోసుకెళితే, పాపం, గేటు కూడా తీయలేదటండీ."