లేని పన్ను

పన్ను అగ్గిపెట్టెలో ఉంది. నొప్పి మాత్రం దవడలోనే ఉంది.

పీకి పది రోజులైంది. మేకులు లాగే పట్టకారుతో వడ్రంగి తనే పీక్కున్నాడు. పుండు మానింది. ఈ పొద్దున తలుపు చెక్క భుజానికెత్తుకుని నాలుగడుగులు వేశాడో లేదో, పాత నొప్పి పాత చోటికే వచ్చి కూర్చుంది. చెక్క దించి, రంపప్పొట్టు మీద కూలబడి, ఎడమ చెంపను అరచేత్తో పట్టుకున్నాడు.

వాకిట్లో బట్టలారేస్తున్న భార్య చేతిలో తడిచీర అలాగే ఆగిపోయింది.

"అలా కూర్చోకండి," అంది.

"ఎలా?"

"మామగారు కూర్చున్నట్టు."

అతను చెయ్యి తీసేశాడు. తండ్రి అలాగే కూర్చుని, పన్ను పన్ను అంటూనే పోయాడు. చిన్నాన్నా అంతే. ఆ ఇంటి మగవాళ్ళని పన్నే తీసుకుపోతుందని చుట్టాల్లో ఒక మాట ఉంది. అందుకే నొప్పి మొదలైన మూడో వారానికి అతను పట్టకారు అందుకున్నాడు. పన్నే లేకపోతే ఇక దేన్ని పట్టుకుని లాక్కుపోతుంది అనుకున్నాడు.

"పళ్ళ డాక్టరు దగ్గరికి పదండి."

"లేని పన్నుకి డాక్టరేం చేస్తాడే? అగ్గిపెట్టెకి మందు రాస్తాడా?"

ఆమె నవ్వలేదు. లోపలికెళ్ళి ఫోన్ చేసింది. పక్క ఊళ్ళో తాపీపని చేసే అతని అన్న గంటలో బస్సు దిగాడు. మరదలు ఇచ్చిన టీ గ్లాసు పక్కన పెట్టి, తమ్ముడి మొహంలోకి చాలాసేపు చూశాడు.

"ఎప్పుడొస్తోందిరా నొప్పి?"

"బరువెత్తితే."

"కూర్చుంటే?"

"మెల్లిగా పోతుంది."

అన్న లేచాడు. కొక్కేనికున్న చొక్కా తీసి తమ్ముడి మీదికి విసిరాడు.

"ఊరికే వచ్చిపోయే నొప్పికి డాక్టరేంటన్నయ్యా?"

"డాక్టరమ్మ తెరవమన్నప్పుడు తెరుద్దువుగాని. ఇప్పుడు నోరు మూసుకుని పద."

పళ్ళాసుపత్రి మూడో అంతస్తులో ఉంది. లిఫ్టుకి తాళం వేసి ఉంది. మొదటి మలుపు దగ్గర నొప్పి మేలుకుంది. రెండో మలుపుకి మెడలోకి దిగి, ఎడమ మోచేతి దాకా పాకింది. నుదుట చల్లటి చెమట పట్టింది. వడ్రంగి గోడకి ఆనుకున్నాడు. వెనక నుంచి ఎవరో దవడ కింద వేళ్ళు పెట్టి పైకెత్తుతున్నట్టుంది. చిన్నప్పుడు మందు తాగించేటప్పుడు తండ్రి అలాగే పట్టుకునేవాడు.

"అన్నయ్యా, నాన్న..."

"మాట్లాడకు. కాసేపు కూర్చో."

అన్న కూడా పక్కనే మెట్టు మీద కూర్చున్నాడు. పైమెట్టు మీద నిలబడి భార్య ఇద్దరినీ చూస్తోంది. కింద వీధిలో ఎవరో స్కూటరు తన్ని తన్ని స్టార్టు చేస్తున్నారు. అది స్టార్టయ్యే దాకా ముగ్గురూ కదల్లేదు.

డాక్టరమ్మ చిన్న వయసుది. కుర్చీ వాల్చి, లైటు మొహం మీదికి దించి, చిన్న అద్దంతో నోరంతా చూసింది. సన్నటి చువ్వతో ఒక్కో పన్నూ తట్టింది.

"ఇదా?"

"కాదు."

"ఇది?"

"కాదమ్మా."

భార్య అందించిన అగ్గిపెట్టె తెరిచి, పీకిన పన్నును వెలుతురులో అటూ ఇటూ తిప్పింది.

"దీన్నెందుకు పీకారు? ఎక్కడా పుచ్చు లేదు. పన్ను నొప్పయితే చల్లటి నీళ్ళు తగిలినా, నమిలినా చెప్తుంది. రెండు రోజుల్లో తగ్గకపోతే మా దగ్గరికి రావాలి. వాపో జ్వరమో ఉంటే ఆ పూటే రావాలి. అంతేగాని పట్టకారేంటండీ? సరే, నమిలితే నొప్పిగా ఉంటుందా?"

"లేదమ్మా. తలుపెత్తితే ఉంటుంది."

ఆమె చేతిలో అద్దం ఆగింది.

"మెట్లెక్కితే?"

"ఇందాక వచ్చింది. కూర్చుంటే పోయింది."

"చెయ్యి లాగుతుందా?"

అతను తన మోచేతి వైపు చూసుకున్నాడు. భార్యే అందుకుంది.

"వీళ్ళ నాన్నకీ ఇంతేనమ్మా. నీళ్ళబిందె ఎత్తితే చాలు, చెంప పట్టుకునేవారు. పన్నుతోనే పోయారు."

డాక్టరమ్మ గుమ్మం వైపు తిరిగి, అంబులెన్సుకి ఫోన్ చెయ్యమని బయట కూర్చున్న అమ్మాయికి చెప్పింది. సొరుగులోంచి ఒక మాత్ర తీసి వడ్రంగికిచ్చి నమలమంది.

"కుర్చీలోంచి లేవకండి. ఇది పన్ను కాదు. గుండె. గుండెలో నొప్పి కొందరికి దవడలో తెలుస్తుంది. మీ నాన్నగారిదీ పన్ను అయ్యుండదు."

భార్య కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. వడ్రంగి మాత్ర నములుతూ కళ్ళు మూసుకున్నాడు. అంత సేపూ గోడవార నిలబడ్డ అన్న ముందుకొచ్చాడు. రెండు వేళ్ళు నోట్లో పెట్టి పై వరస మొత్తం ఊడదీశాడు. తర్వాత కింది వరస. రెండు కట్టుడుపళ్ళ సెట్లనూ డాక్టరమ్మ ట్రేలో పెట్టాడు. బుగ్గలు లోపలికి పోయి, ఆ మొహం అచ్చం తండ్రి మొహమైంది.

"అన్నీ పీకించేసుకుని ఆర్నెల్లయిందమ్మా," అన్నాడు. "ఇంకా నొస్తూనే ఉన్నాయి."